అసాసిన్స్ క్రీడ్ (2007): ఏకర్ ఆసుపత్రిలో గార్నియర్ దగ్గరికి కత్తి దూయకుండా చేరేదెలా?

మూడోమెట్టు
మొదటి అసాసిన్స్ క్రీడ్, పీసీ వెర్షన్. మెమరీ బ్లాక్ 3 (ఆటలో మూడో అధ్యాయం). ఏకర్ నగరంలో గార్నియర్‌ని ఆసుపత్రిలోనే చంపాలి. గేటు దాటడం వరకూ ఇబ్బంది లేదు, పండితుల గుంపులో కలిస్తే గార్డులు వదిలేస్తున్నారు. లోపలికి వెళ్లాకే అసలు తలనొప్పి. మతి తప్పిన రోగులు మీదకొచ్చి తోస్తారు, మనం ఆడించే హంతకుడు ఆల్తాయిర్ తూలిపోయి ఎవరికో తగులుతాడు, గార్డులు అటు తిరుగుతారు, ఇక చుట్టూ కత్తులే. గొడవ లేకుండా గార్నియర్ వెనక్కి చేరే పద్ధతి కావాలి. కథ ముందుకి బయటపెట్టకండి ప్లీజ్.

కౌంటర్_శ్రీను
గొడవ లేకుండా ఎందుకు బ్రో? కత్తి దూయి. ఈ గేమ్‌లో గార్డులు ఎంతమంది చుట్టుముట్టినా కొట్టేది ఒక్కొక్కడే. దెబ్బ కాచే బ్లాక్ బటన్ పట్టుకుని ఉండు, వాడి కత్తి కదలగానే అటాక్ నొక్కు, అదే కౌంటర్. అయిపోయింది.

నిదానం
శ్రీనూ, ఆయన అడిగింది అది కాదు కదా.

మూడోమెట్టు గారూ, ముందు బటన్ల సంగతి తేల్చుకోండి, సగం సమస్య అక్కడే ఉంటుంది. ఈ గేమ్‌లో బటన్ ఒక్కో పనికి కాదు, ఒక్కో అవయవానికి. పీసీలో స్పేస్ కాళ్లు, షిఫ్ట్ ఖాళీ చెయ్యి, ఎడమ మౌస్ ఆయుధం ఉన్న చెయ్యి, ఈ (E) కీ తల. కుడి మౌస్ నొక్కి పట్టుకుంటే ఇవన్నీ హై ప్రొఫైల్, వదిలేస్తే లో ప్రొఫైల్. అంటే ఒకే స్పేస్ బటన్ కుడి మౌస్‌తో కలిస్తే పరుగు, లేకపోతే చేతులు జోడించి నడిచే బ్లెండ్. షిఫ్ట్ కూడా అంతే: కుడి మౌస్‌తో పట్టుకుని విసరడం, అది లేకుండా జనాన్ని మెల్లగా పక్కకి జరపడం.

ఆసుపత్రిలోకి అడుగుపెట్టాక కుడి మౌస్ మీద వేలే ఉండకూడదు.

లోపల చేయాల్సింది ఇదీ:

పండితులతో గేటు దాటాక వెంటనే గుంపు వదిలి వేరే దిక్కు పట్టకండి. గేటు గార్డుల చూపు వెనకబడేదాకా వాళ్లతోనే నడవండి. ఆ తర్వాత వచ్చే సీన్ అయిపోయాక గార్నియర్ హాల్లోకి వెళ్లి ఒక్కో రోగి దగ్గర ఆగుతూ తిరుగుతాడు. ఆయన ఆగుతాడు, మాట్లాడతాడు, మళ్లీ కదులుతాడు. ఆ తిరుగుడు పూర్తిగా ఒకసారి చూడండి. దూరంగా, గోడ వారగా నిలబడి చూస్తే చాలు, ఆటలో టైమర్ ఏమీ పరిగెత్తదు.

మతి తప్పినవాళ్లు దూరం నుంచి పరిగెత్తుకుంటూ రారు. మీరు వాళ్ల పక్కకి వెళ్తేనే తోస్తారు. కాబట్టి గార్నియర్ ఏ మంచం దగ్గర ఉన్నప్పుడు వాళ్లు ఆయనకి దూరంగా ఉన్నారో గమనించి, ఆ మంచానికే ముహూర్తం పెట్టుకోండి. హాలు మధ్యలో నడవకండి, అక్కడ రెండు వైపుల నుంచీ తగులుతారు. వారగా వెళ్తే ఒకవైపే కాచుకోవాలి.

చివరి నాలుగడుగులు ఆయన వీపు మీకు ఉన్నప్పుడు. హిడెన్ బ్లేడ్ (మణికట్టు దగ్గర దాచిన కత్తి) ముందే ఎంచుకుని ఉండాలి. ఎఫ్‌తో టార్గెట్ లాక్, తర్వాత ఎడమ మౌస్ ఒక్క నొక్కు. కుడి మౌస్ కలిసిందా, గెంతి మీద పడతాడు, హాలంతా చూస్తుంది.

మూడోమెట్టు
నిదానం గారూ, మంచాన్ని బట్టి ముహూర్తం అన్నది బాగుంది. ఒక సందేహం. లాక్ చేస్తే గార్డులకి అనుమానం రాదా?

నిదానం
రాదు. లాక్ అనేది మీ కెమెరాకీ బ్లేడ్‌కీ మాత్రమే సంబంధించింది. లాక్ లేకపోతే బ్లేడ్ పక్కనున్న రోగికి దిగే ప్రమాదం ఉంది. మామూలు జనాన్ని చంపితే సింక్ (ఆల్తాయిర్ ప్రాణశక్తి లాంటిది, గడుల్లో కనిపిస్తుంది) తగ్గుతుంది.

కీర్తన_ప్యాడ్
ప్యాడ్ వాళ్ల కోసం: ఎక్స్‌బాక్స్‌లో హై ప్రొఫైల్ ఆర్‌టీ, లాక్ ఎల్‌టీ, ఆయుధం ఎక్స్, ఖాళీ చెయ్యి బీ, కాళ్లు ఏ (A), తల వై (Y). పీఎస్3లో ఆర్1, ఎల్1, స్క్వేర్, సర్కిల్, క్రాస్, ట్రయాంగిల్ అదే వరుసలో. పీసీకి కూడా ప్యాడ్ పెట్టుకోవడమే మేలు. స్టిక్ కొంచెం తోస్తే నెమ్మది నడక, పూర్తిగా తోస్తే వేగం. కీబోర్డులో ఆ తేడా రాదు.

కౌంటర్_శ్రీను
అంతా విన్నాను. కానీ ఒక్కటి చెప్పండి. గార్నియర్‌ని ఎంత నిశ్శబ్దంగా చంపినా చనిపోయే టార్గెట్‌తో ఆల్తాయిర్ మాట్లాడే ఆ తెల్లటి గదిలో మాటలు అయిపోగానే గంటలు మోగుతాయి, ఊరంతా అలర్ట్. మరి నిశ్శబ్దంగా చంపి సాధించిందేంటి?

వేపచెట్టు_వైఫై
శ్రీను అడిగింది న్యాయమే. పెద్ద టార్గెట్ ఎవరిని చంపినా గంట మోగి తీరుతుంది. ఆ విషయంలో తర్వాత వచ్చిన భాగాలే మెరుగు.

నిదానం
గంట మోగుతుంది, నిజం. కానీ గంట మోగేటప్పటికి మీరెక్కడ ఉన్నారన్నదే తేడా. కత్తి దూసి వెళ్తే అప్పటికే చుట్టూ గార్డులు, సింక్ సగం, దారి మూసుకుని ఉంటుంది. మెల్లగా వెళ్తే చుట్టూ ఖాళీ, సింక్ నిండుగా, ఏ వైపు పారిపోవాలో ముందే చూసుకుని ఉంటారు. మొదటి అయిదు సెకన్ల పరుగు ఉచితంగా వస్తుంది. ఆ అయిదు సెకన్లే చూపు తెంచుకోవడానికి సరిపోతాయి.

పైగా బ్లాక్ 3 దగ్గర ఆల్తాయిర్‌కి పాత హోదా పూర్తిగా రాలేదు. ఒక్కో హత్య తర్వాత ఒక్కో ఆయుధం, ఒక్కో విద్య తిరిగొస్తుంది. సింక్ గడులు కూడా తక్కువే. కౌంటర్ పెట్టుకుని ఊరంతా నరకొచ్చనే సలహా చివరి బ్లాకుల్లో సరిపోతుంది, ఇక్కడ కాదు.

కౌంటర్_శ్రీను
చివరి బ్లాకుల్లో నాదే కరెక్ట్ అని ఒప్పుకున్నారు కదా, చాలు.

బెజవాడ_బెంచీ
పారిపోవడం గురించి. స్క్రీన్ మీద ఐకాన్ రంగులు చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఎరుపు: వాళ్లు మిమ్మల్ని చూస్తున్నారు. ఇప్పుడు గడ్డిలో దూకినా లాభం లేదు, లాగి బయటేస్తారు.
పసుపు: చూపు తెగింది. ఇప్పుడే దాక్కోవాలి.
నీలం: దాక్కున్నారు. కదలకండి.
ఆకుపచ్చ: మళ్లీ మామూలు మనిషి.

ఎక్కువమంది చేసే పని ఎరుపులో ఉండగానే గడ్డిమోపు వెతకడం. ముందు మూలలు తిరగాలి. రెండు సందులు మలుపు తిరిగితే పసుపు వస్తుంది. దాక్కోడానికి నాలుగే చోట్లు: గడ్డి, మేడల మీద తెరలు కట్టిన చిన్న మందిరాలు, ఇద్దరి మధ్య ఖాళీ ఉన్న బెంచీ, నడిచే పండితుల గుంపు. నా ఓటు బెంచీకే, పేరు చూస్తే తెలుస్తుందిగా 😄

కీర్తన_ప్యాడ్
బెంచీ వద్దు, మేడ మీద మందిరమే. గార్డులు కూడా గోడలెక్కుతారు కానీ మందిరంలోకి దూరాక ఎవరూ తెర తీసి చూడరు. పైగా మందిరం దగ్గర జనం ఉండరు, ఎవరికీ తగలరు. బెంచీ మీద ఖాళీ లేకపోతే నిలబడి దిక్కులు చూడాలి.

బెజవాడ_బెంచీ
మేడ ఎక్కితే విలుకాళ్ల మాటేంటి? పైన ఉన్న విలుకాడు ముందు అరిచి హెచ్చరిస్తాడు, దిగకపోతే బాణం వేస్తాడు. ఆ అరుపుకి కిందవాళ్లు కూడా వస్తారు.

కీర్తన_ప్యాడ్
అందుకే హత్యకి వెళ్లే ముందే ఆ దారిలో విలుకాళ్లని ఖాళీ చేసి ఉంచాలి. విసిరే కత్తి ఒక్కటి చాలు, వాడు మిమ్మల్ని చూడనప్పుడు. చిన్న కత్తి ఎంచుకుని, లాక్ చేసి, దూరం నుంచి నొక్కితే విసురుతాడు. దగ్గర నుంచి నొక్కితే చిన్న కత్తితోనే పొడుస్తాడు, రెండూ ఒకే స్లాట్.

రెండో_కంట్రోలర్
విసిరే కత్తులు అయిపోతే?

కీర్తన_ప్యాడ్
వీధుల్లో లావుపాటి రౌడీలు తిరుగుతుంటారు, ఒంటికి తోలు పట్టీలు, వాటికి కత్తులు. వాళ్ల జేబు కొట్టాలి. వెనక నుంచి లో ప్రొఫైల్‌లో నడుస్తూ ఖాళీ చెయ్యి బటన్ పట్టుకోండి. తిరిగి చూస్తే మీద పడతారు, గుద్దులు గట్టిగా ఉంటాయి. ఊరు ప్రశాంతంగా ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోవాలి.

మూడోమెట్టు
పండితుల గుంపు సంగతి ఇంకొంచెం చెప్పండి. కొన్ని గేట్ల దగ్గర పండితులే కనిపించడం లేదు.

నిదానం
మీరు ఊరికి ఏమీ చేయలేదన్నమాట. గార్డులు ఎవరినో పట్టుకుని వేధిస్తుంటారు చూడండి, ఆ జనాన్ని కాపాడితే బహుమతి రెండు రకాలు. కొందరిని కాపాడితే ఆ చుట్టుపక్కల పండితుల గుంపు వచ్చి నిలబడుతుంది. కొందరిని కాపాడితే నలుగురు కుర్రాళ్లు కాపు కాస్తారు. మిమ్మల్ని తరిమే గార్డు వాళ్ల పక్కగా పోతే పట్టుకుని ఆపేస్తారు. కాబట్టి హత్య జరిగే చోటు నుంచి బ్యూరో (మన సంఘం రహస్య స్థావరం) వరకూ ఉన్న దారిలో ఎవరిని కాపాడాలో చూసుకుని ముందే కాపాడండి. ఆ కుర్రాళ్ల మధ్యలోంచి పరిగెత్తి వెళ్తే వెనకవాళ్లు తగ్గిపోతారు. పైగా ఇది సింక్ గడులు పెంచుతుంది.

గుంపులో ఉన్నప్పుడు స్పేస్ వదలకండి, గెంతకండి, ఎవరినీ తగలకండి. గుంపు తనంతట తానే నడుస్తుంది, మీరు మధ్యలో ఉంటే చాలు.

వేపచెట్టు_వైఫై
ఇంకో సంగతి, చంపాక బ్యూరోకి పరిగెత్తేవాళ్లకి. గార్డులు వెంట ఉండగా పైకప్పు తలుపు మూసి ఉంటుంది. ముందు తప్పించుకుని ఐకాన్ ఆకుపచ్చ తెచ్చుకోవాలి, అప్పుడే దూకనిస్తుంది. తలుపు మీద ఎగిరెగిరి లాభం లేదు.

రెండో_కంట్రోలర్
హత్యకి ముందు సమాచారం సేకరించే ఇన్వెస్టిగేషన్లు ఆరూ చేయాలా? అన్నీ ఒకటేలా ఉన్నాయి, విసుగొస్తోంది.

వేపచెట్టు_వైఫై
కనీసం చేస్తే చాలు. మొదట్లో 2, తర్వాత 3. మిగతావి వదిలేయొచ్చు. ఒకటేలా ఉన్నాయన్న మాట అక్షరాలా నిజం, ఈ గేమ్‌కి అప్పటి నుంచీ ఉన్న పెద్ద ఫిర్యాదు అదే.

నిదానం
వదిలేయొచ్చు, కానీ స్టెల్త్ (ఎవరి కంటా పడకుండా) ఆడాలంటే వదలకండి. జేబు కొట్టి తెచ్చే కాగితాలు ఉత్త కాగితాలు కావు. వాటిలో టార్గెట్ ఉన్న చోటు పటం, గార్డులు నిలబడే చోట్లు, లోపలికి దారులు ఉంటాయి. మెమరీ లాగ్ తెరిస్తే అన్నీ అక్కడే. ఎవరూ తెరవరు! తెరవకుండానే గార్డులు ఎక్కడి నుంచి వచ్చారో తెలియలేదంటారు.

ఒక్కోదానికి ఒక్కో కిటుకు:

చాటుగా వినడం: బెంచీ మీద కూర్చుని లాక్ చేసి బటన్ పట్టుకోవడమే, తేలిక.

జేబు కొట్టడం: ముందు ఇద్దరి మాటలు పూర్తిగా విని, వాళ్లు విడిపోయాక కాగితం ఉన్నవాడి వెనక నడవాలి. వాడు ఆగి వెనక్కి తిరిగే అలవాటు ఉంటుంది, ఆగగానే మీరూ ఆగి పక్కకి తిరగాలి.

విచారణ: వీధిలో ఉపన్యాసం ఇచ్చేవాడు ముగించి బయల్దేరేదాకా ఆగాలి. వెంటపడి, గార్డులు లేని సందులో పిడికిళ్లతోనే కొట్టాలి. కత్తి తీస్తే వాడు చస్తాడు, కబురు పోతుంది.

ఇన్ఫార్మర్: మన సంఘంవాడే ఒక పని చెప్తాడు. జెండాలు ఏరడమో, గార్డులని ఎవరికీ తెలియకుండా చంపడమో. గడియారం పెట్టి ఆడిస్తాడు, అది మాత్రం నాకూ నచ్చదు.

కీర్తన_ప్యాడ్
పీసీలో వచ్చింది డైరెక్టర్స్ కట్. కన్సోల్‌లో 2007 నవంబర్, పీసీలో 2008 ఏప్రిల్. పీసీకి నాలుగు రకాలు అదనం: మేడల మీద పరుగు పందెం, విలుకాళ్లని చడీచప్పుడు లేకుండా చంపడం, అంగళ్లు పడగొట్టడం, ఒకరిని కాపాడుతూ తీసుకెళ్లడం. విలుకాళ్ల పని ఎంచుకోండి. ఇన్వెస్టిగేషన్ కూడా అవుతుంది, పారిపోయే దారీ శుభ్రమవుతుంది.

మూడోమెట్టు
ఇది బాగా పనికొచ్చే మాట. ఇంకోటి, మాటలు సరిగ్గా అర్థం కావడం లేదు, సబ్‌టైటిల్స్ ఎక్కడ ఆన్ చేయాలి?

కీర్తన_ప్యాడ్
లేవండీ. ఈ మొదటి భాగంలో సబ్‌టైటిల్సే పెట్టలేదు. చాటుగా వినేవి సగం గుసగుసలే కాబట్టి ఇది చాలా పెద్ద లోటు, చెవి సరిగ్గా వినపడనివాళ్లకి మరీ అన్యాయం. ఆప్షన్స్‌లో మ్యూజిక్ తగ్గించి మాటల సౌండ్ పెంచుకోండి, హెడ్‌ఫోన్ పెట్టుకోండి. మిస్సయితే మెమరీ లాగ్‌లో సారాంశం ఉంటుంది.

చరిత్రపురుగు
ఆట కిటుకులు అయ్యాయా, కొంచెం చరిత్ర. ఈ గార్నియర్ నిజంగా ఉన్న మనిషి. హాస్పిటలర్ల (క్రూసేడర్ల వైపు పోరాడిన సైనిక సన్యాసుల సంఘం) గ్రాండ్ మాస్టర్ గార్నియర్ ఆఫ్ నాబ్లస్. ఆట జరిగేది 1191లో, మూడో క్రూసేడ్ మధ్యలో. ఏకర్ నగరం 1191 జూలై 12న క్రూసేడర్లకి లొంగిపోయింది. అందుకే ఆటలో ఏకర్ మొత్తం బూడిదరంగులో, కూలిన గోడలతో, వీధుల్లో శవాలతో ఉంటుంది. డమాస్కస్ పసుపు వెలుగులో, జెరూసలేం కొంచెం ఆకుపచ్చగా కనిపిస్తాయి, ఏకర్‌కి మాత్రం ఎండే లేదు. ఆర్ట్ టీం ఆలోచించి చేసిన పని.

కానీ అసలు గార్నియర్‌ని ఆసుపత్రిలో ఎవరూ చంపలేదు. 1191 సెప్టెంబర్ 7న అర్సూఫ్ యుద్ధంలో హాస్పిటలర్లని నడిపించింది ఆయనే.

కౌంటర్_శ్రీను
అంటే మనం చంపాక లేచి యుద్ధానికి వెళ్లాడా 😂

చరిత్రపురుగు
😂 ఆట లెక్కలో అంతే. ఇంకా ఉంది. ఆటలో అసాసిన్ల స్థావరమైన మస్యాఫ్ కోట నిజమే, సిరియాలో ఉంది. అప్పట్లో అక్కడి నిజారీ ఇస్మాయిలీల (అసాసిన్లుగా పేరుపడిన షియా శాఖ) నాయకుడు రషీదుద్దీన్ సినాన్. ఆటలో ఆల్తాయిర్ గురువైన అల్ ముఅలిం పాత్రకి మూలం ఆయనే. వాళ్లు చంపిన పెద్ద క్రూసేడర్ కాన్రాడ్ ఆఫ్ మాంట్‌ఫెరాట్, 1192 ఏప్రిల్ 28న టైర్ నగరంలో. ఆటలో ఆయన బదులు మాంట్‌ఫెరాట్ విలియంని టార్గెట్ చేశారు, ఆయన కాన్రాడ్ తండ్రి. అప్పటి హత్యలు ఎక్కువగా జనం మధ్యలో, కటారితో జరిగేవి. చంపినవాడు పారిపోవడం చాలా అరుదు. ఆట జనంలో కలవడం వరకూ చరిత్ర నుంచి తీసుకుంది, మేడల మీద పరుగు మాత్రం సొంతం.

వేపచెట్టు_వైఫై
విలియం పేరు చెప్పేశారు, మూడోమెట్టు కథ చెప్పొద్దన్నాడుగా!

మూడోమెట్టు
పర్లేదు, పేర్లు తెలిస్తే ఇబ్బంది లేదు. చివరి మలుపు చెప్పకపోతే చాలు. అసలు తర్వాత వచ్చే టార్గెట్లలో లో ప్రొఫైల్‌తో అయ్యేవి ఏవి, కానివి ఏవి?

నిదానం
కథ తగలకుండా చోటు గురించే చెప్తా.

తలాల్, జెరూసలేం. ఇదే బ్లాక్. ఇది స్టెల్త్ కాదు, వల. గోదాంలోకి వెళ్లగానే తలుపు మూసుకుంటుంది, పోరాటం తప్పదు, తర్వాత ఆయన మేడల మీద పరిగెడతాడు. కాబట్టి వెళ్లే ముందు ఆ చుట్టూ మేడల మీద విలుకాళ్లని తీసేయండి, లేదంటే తరిమేటప్పుడు బాణాలు మీకే తగులుతాయి.

విలియం, ఏకర్ కోట. గేటు పండితులతో, లోపల గోడలెక్కి. ఆవరణ పైన ఉన్న విలుకాళ్లని ఒక్కొక్కరిని తీసేస్తే ఆయన నెత్తిమీదకి చేరొచ్చు. మెల్లగా ఆడేవాళ్లకి ఈ గేమ్‌లో అన్నిటికంటే బాగా పండే చోటు ఇదే.

అబుల్ నుకూద్, డమాస్కస్ విందు. ఆయన పైన బాల్కనీలో, జనం కింద. జనంలో ఉండిపోతే దారి దూరమవుతుంది. పక్క గోడ చూసి పెట్టుకోండి.

మజ్ద్ అద్దీన్, జెరూసలేం. జనం మధ్యలో వేదిక. ముందు నుంచి వెళ్తే జనాన్ని తోసుకోవాలి, కాబట్టి పక్క నుంచి లేదా వెనక నుంచి. మెల్లగా జరిపే ఖాళీ చెయ్యి బటన్ ఇక్కడే అక్కరకొస్తుంది.

బెజవాడ_బెంచీ
మజ్ద్ అద్దీన్ దగ్గర నా అనుభవం వేరు కాదు కానీ ఒకటి కలుపుతా: కుండలు ఎత్తుకున్న ఆడవాళ్లు, పెట్టెలు మోసేవాళ్లు కనిపిస్తే చుట్టు తిరిగి వెళ్లండి. తగిలితే కుండ పగులుతుంది, చప్పుడుకి గార్డులు చూస్తారు. తిరునాళ్లలో పసిపిల్లని ఎత్తుకుని నడిచినట్టు నడవాలి ఈ గేమ్‌లో.

వేపచెట్టు_వైఫై
అందరూ తప్పించుకుంటున్న పేరు సిబ్రాండ్. బ్లాక్ 5, ఏకర్ రేవు. ఆల్తాయిర్‌కి ఈత రాదు. నీళ్లలో పడితే డీసింక్, మళ్లీ మొదటి నుంచి. రేవులో తాగుబోతులు ఉంటారు, వాళ్లు తోసేది సరిగ్గా నీళ్ల వైపుకే. దీన్ని ఎవరు ఎంత సమర్థించినా ఇది చెడ్డ డిజైన్.

నిదానం
తాగుబోతుల మీద మీ మాటే నా మాట. నీళ్లలో పడితే చావడం కూడా ఒప్పుకోలేం, ఇంత గోడలెక్కేవాడికి. కానీ దారి ఉంది. రేవు చెక్క వంతెనల మీద నడవకండి. తాగుబోతులు ఉండేది వాటి మీదే. పడవలు, నీళ్లలో పాతిన స్తంభాల మీదుగా ఓడ వెనక భాగానికి వెళ్లండి. స్తంభం మీద నుంచి స్తంభానికి గెంతేటప్పుడు కెమెరా సూటిగా తిప్పి, ఒక్కో గెంతుకీ ఆగండి. అడ్డంగా చూస్తూ గెంతితే పక్కకి పోతాడు. ఓడ మీద సిబ్రాండ్ అటూ ఇటూ తిరుగుతుంటాడు, అంచు పట్టుకుని వేలాడుతూ ఆయన వీపు తిరిగేదాకా ఆగి ఎక్కండి.

కౌంటర్_శ్రీను
సిబ్రాండ్ దగ్గర నేనూ నిదానం పార్టీయే. నీళ్లకి కౌంటర్ లేదు.

రెండో_కంట్రోలర్
కౌంటర్ అంటే గుర్తొచ్చింది, హిడెన్ బ్లేడ్‌తో కౌంటర్ ఎందుకు పడటం లేదు? కత్తితో పడుతోంది.

కౌంటర్_శ్రీను
ఇదిగో నా సబ్జెక్ట్! హిడెన్ బ్లేడ్‌తో బ్లాక్ ఉండదు. కత్తి చేతిలో ఉంటే ఆలస్యమైనా బ్లాక్ కాచుకుంటుంది, దెబ్బ తగలదు. బ్లేడ్‌తో ఆలస్యమైతే దెబ్బ తగిలినట్టే. నొక్కే సమయం కూడా చాలా తక్కువ, వాడి చెయ్యి పైకి లేచినప్పుడు కాదు, కిందకి దిగడం మొదలైనప్పుడు నొక్కాలి. పడితే మాత్రం ఎంతటివాడైనా ఒక్క పోటుతో పోతాడు. కత్తి కౌంటర్‌తో కొందరు కింద పడి మళ్లీ లేస్తారు. మస్యాఫ్ కోటలోని గోదాలో సాధన చేసి రండి, అక్కడ ప్రాణభయం లేదు. మూడోమెట్టు బ్లాక్‌లో ఇది జోలికి పోకండి, ఆ విషయంలో నిదానం చెప్పిందే.

కీర్తన_ప్యాడ్
ఈగల్ విజన్ గురించి ఎవరూ చెప్పలేదు. సింక్ గడులు పూర్తిగా నిండి ఉంటేనే పనిచేస్తుంది, నిలబడి వాడాలి, నడుస్తూ కుదరదు. టార్గెట్ బంగారు రంగు, శత్రువులు ఎరుపు, మనవాళ్లు నీలం. తర్వాతి టార్గెట్ జుబైర్ దగ్గర దీని అవసరం బాగా తెలుస్తుంది, ఆయనలాంటి వేషంలో ఊళ్లో ఇంకా మనుషులు తిరుగుతుంటారు. దెబ్బ తగిలి గడి తగ్గి ఉంటే ఆగి నిండనివ్వండి, తర్వాత చూడండి.

చరిత్రపురుగు
హెచ్‌యూడీ తీసేసి ఆడమని సలహా ఇస్తారు కొందరు, ఆప్షన్స్‌లో మినీమ్యాప్, ఐకాన్, అన్నీ విడివిడిగా తీసేయొచ్చు. బ్యూరో పెద్ద చెప్పే మాటల్లోనే ఎక్కడికి వెళ్లాలో ఉంటుంది: ఫలానా సంత, ఫలానా మసీదు దగ్గర అని. ఎత్తైన గోపురం ఎక్కి చూసి దారి పట్టొచ్చు. ఆటని మొదట అలాగే కట్టారనిపిస్తుంది.

వేపచెట్టు_వైఫై
సబ్‌టైటిల్స్ లేని గేమ్‌లో హెచ్‌యూడీ కూడా తీసేయమంటారా? మొదటిసారి ఆడేవాళ్లకి ఆ సలహా వద్దు. ముఖ్యంగా రంగుల ఐకాన్ తీసేస్తే బెంచీ గారు చెప్పిందంతా వృథా.

చరిత్రపురుగు
ఐకాన్ ఉంచి మినీమ్యాప్ ఒక్కటి తీసేయండి. అప్పుడు కళ్లు మూల నుంచి వీధి మీదకి వస్తాయి. మతి తప్పినవాళ్లని, తాగుబోతులని మినీమ్యాప్ ఎలాగూ చూపించదు.

వేపచెట్టు_వైఫై
అలా అయితే సరే. దానికి ఒప్పుకుంటా.

రెండో_కంట్రోలర్
నగరాల మధ్య గుర్రం మీద వెళ్తుంటే ప్రతి చెక్‌పోస్ట్ దగ్గరా గార్డులు మీద పడుతున్నారు. ఏ తప్పూ చేయలేదు.

బెజవాడ_బెంచీ
గుర్రాన్ని పరిగెత్తించడమే తప్పు. గార్డులు కనపడగానే కుడి మౌస్ వదిలి నడిపించండి, దాటాక మళ్లీ దౌడు. ఒకసారి వెళ్లిన నగరాలకి తర్వాతి బ్లాకుల్లో నేరుగా వెళ్లే వీలు వస్తుంది, ఈ బాధ కొన్నాళ్లే.

రెండో_కంట్రోలర్
దారిలో జెండాలు ఏరుతూ వెళ్తే ఏమైనా వస్తుందా?

కీర్తన_ప్యాడ్
మస్యాఫ్‌లో 20, మూడు నగరాల్లో 100 చొప్పున, నగరాల మధ్య దారుల్లో 100. మొత్తం 420. ఆటలో వచ్చేది ఏమీ లేదు, కత్తి లేదు, సింక్ లేదు. ఎక్స్‌బాక్స్‌లో అచీవ్‌మెంట్లు ఉన్నాయి, పీఎస్3 వెర్షన్‌లో ట్రోఫీలే లేవు. దారిలో కనపడితే తీసుకోండి, వాటి కోసం దిగకండి.

మూడోమెట్టు
గార్నియర్ అయిపోయాడు. విలుకాళ్ల ఇన్వెస్టిగేషన్ ముందు చేసి, పారిపోయే దారిలో ఇద్దరు జనాన్ని కాపాడి, తర్వాత లోపలికి. వారగా నడిస్తే మతి తప్పినవాడు ఒక్కడే అడ్డొచ్చాడు, ఆగితే వాడే దాటిపోయాడు. గార్నియర్ మంచం మీదకి వంగినప్పుడు లో ప్రొఫైల్ పోటు. గంట మోగింది, కానీ కాపు కాసే కుర్రాళ్లు వెనకవాళ్లని ఆపేశారు, మేడ మీద మందిరంలో ఆకుపచ్చ వచ్చింది. ఇప్పుడు తలాల్. గోదాంలో ఎంతమంది వస్తారు, కత్తి ఏది తీసుకోవాలి?

కౌంటర్_శ్రీను
పెద్ద కత్తే. గోడకి వీపు ఆనించి నిలబడు, వెనక నుంచి పట్టుకుని విసిరేవాడు ఉండడు. ముందుగా నువ్వు కొట్టకు, వాళ్లని రానివ్వు. పోరాటం మధ్యలో తలాల్ వెంట పడాలని చూడకు. ఆయన పరుగు మొదలుపెట్టాక కుడి మౌస్, స్పేస్ రెండూ పట్టుకుని మేడల మీదే ఉండు, కిందకి దిగితే దూరం పెరుగుతుంది. దగ్గరికొచ్చాక షిఫ్ట్ కలిపి నొక్కితే మీద పడి పడగొడతాడు. లేచేలోపు బ్లేడ్.